పదకొండు సెకన్ల తేడా

ఐదు గంటలకు సమావేశం. ఆ సమావేశంలో పెద్దక్కను శ్రోతల సంఘం నుంచి తీసేస్తూ తీర్మానం చదువుతారు. నిదానమ్మ పాటల రికార్డుల గది మెట్లెక్కడం మొదలుపెట్టేసరికి గడియారంలో రెండూ పది.

మెట్టుకొక ఆలోచన చొప్పున ఎక్కుతుంది కాబట్టే ఆమెకు నిదానమ్మ అన్న పేరు వచ్చింది. పాతికేళ్ళుగా పోయిన వస్తువులనూ పోయిన మనుషులనూ వెతికిపెడుతోంది, ఇప్పటికీ అదే నడక. వెనక ఎక్కుతున్న ఇన్‌స్పెక్టరు ఆమెకు స్వయానా మరిది. ఆమె కాపురానికి వచ్చేనాటికి నిక్కర్లు వేసుకునేవాడు, రోజూ సాయంత్రం ఆమెకే ఎక్కాలు అప్పజెప్పేవాడు, పదమూడో ఎక్కం దగ్గర తప్పకుండా ఏడ్చేవాడు. ఇప్పుడు నడుముకు తుపాకీ వచ్చింది గానీ ఓపిక రాలేదు.

"వదినా, నువ్వు పైకి చేరేలోపు ముద్దాయి ముసలిదైపోతుంది."

"ఆవిడకు ఇప్పటికే అరవై ఆరు. నువ్వు కొత్తగా చెయ్యాల్సిందేం లేదు. అయినా ముద్దాయి అని ఎప్పుడు తేల్చావు?"

"తేల్చడానికేముంది. బీరువా తాళం ఆవిడ దగ్గరే. గొడవా ఆవిడదే. ఐదింటికల్లా నా రిపోర్టు సంఘం కార్యదర్శి చేతిలో పెట్టేస్తా."

ఇంతకీ గొడవ ఏమిటంటే, పూర్వం ఒక గాయని ఉండేది. గొంతులో చిన్న జీర. ఆ జీరకే జనం పడిచచ్చి ముద్దుగా బొంగురమ్మ అని పిలుచుకున్నారు. ఆవిడ పోయి నలభై ఏళ్ళయింది. ఇప్పుడొక కంపెనీ ఆవిడ పాటల్లోంచి పద్దెనిమిది ఏరి, చక్కటి అట్టపెట్టెలో, పక్కన ఒక చిన్న పుస్తకంతో సహా, దాచుకునేవాళ్ళ కోసం మళ్ళీ వేస్తోంది. ఏ పద్దెనిమిదో తేల్చమని శ్రోతల సంఘానికే వదిలేసింది. అక్కడే తప్పు చేసింది. పదిహేడు పాటలు తేలడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో ఇద్దరు వియ్యంకులకు మాటలు పోయాయి, ఒక భార్యాభర్తలు సమావేశానికి వేరువేరు బస్సుల్లో రావడం మొదలుపెట్టారు.

పద్దెనిమిదోది ఉయ్యాల పాట. దాన్ని ఆవిడ ఒకే రోజు రెండుసార్లు పాడింది. మొదటి టేకు మూడు నిమిషాల ఆరు సెకన్లు. రెండోది మూడు నిమిషాల పదిహేడు. చివరి చరణంలో ఒక లైను ఆవిడ మళ్ళీ అందుకుంది, అందుకే ఆ పదకొండు సెకన్లు పెరిగాయి. మొదటి టేకు బజారులోకి వచ్చి ఇంటింటా మోగింది. రెండోది బయటికి రానేలేదు. నమూనాగా తీసిన ఒకే ఒక్క రికార్డు సంఘం బీరువాలో ఉంది. మొదటిది వెయ్యాలనేవాళ్ళకు పెద్దక్క పెద్దదిక్కు. రెండోదే వెయ్యాలనేవాళ్ళకు లెక్కల మాస్టారు.

నిన్న, ఆదివారం, పదకొండింటికి రెండు టేకులూ వినిపించి చేతులెత్తించాలనుకున్నారు. పదిన్నరకు పెద్దక్క బీరువా తెరిచి రెండో టేకు కవరులోంచి రికార్డు తీసింది. పాట ఉన్న వైపు సన్నగీతలన్నీ కరిగి, నల్లటి పాకంలా అలుక్కుపోయి ఉన్నాయి. కవరు లోపలి కాగితం దానికి అతుక్కుని చిరిగింది. కంపెనీవాళ్ళు వెంటనే పోలీసులకు ఫిర్యాదు రాసిచ్చారు. నిదానమ్మకు కబురుపెట్టింది మాత్రం ఎదుటి పక్షపు టైలరమ్మ. "ఆవిడతో నాకు రోజూ తగువేనండీ. కానీ ఆవిడ ఆ పని చెయ్యదు," అంది ఫోనులో.

పెద్దక్క గదిలో కుర్చీ అంచున కూర్చుని ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ గది ఊడ్చి, రికార్డులు తుడిచి, కార్డుల మీద పేర్లు రాసి పెట్టింది. జీతం లేదు. ఇల్లు రెండు వీధుల అవతల ఉంది గానీ అది పడుకోవడానికి మాత్రమే.

"శనివారం సంగతి చెప్పండి అక్కయ్యా," అంది నిదానమ్మ, ఎదురుగా స్టూలు లాక్కుని.

"నాలుగింటికి తెరిచాను. నాలుగున్నరకు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఐదూ పదికి వచ్చాను. ఆరింటికి మూసేశాను."

"ఆ నలభై నిమిషాలూ గదిలో ఎవరున్నారు?"

"మాస్టారు. పెట్టెలో వేసే పుస్తకం కోసం ఏవో రాసుకుంటున్నారు."

"బీరువా?"

"తెరిచే ఉంది. మాస్టారు ఉన్నారుగా, తాళమెందుకు."

ఇన్‌స్పెక్టరు గుమ్మంలోంచి నవ్వాడు. "చూశావా వదినా. రెండో టేకు కోసం ప్రాణం పెట్టే మనిషిని చూపిస్తోంది. కన్నతండ్రి మీద పిల్ల హత్య మోపినట్టు."

"నేనెవరినీ చూపించలేదు నాయనా. అడిగితే చెప్పాను." పెద్దక్క గొంతు పెంచలేదు. "నేను ఆ రికార్డు పాడుచెయ్యలేదు. అంతే."

"ఇంకేమైనా చెప్పాలా మీరు?" అని అడిగింది నిదానమ్మ.

పెద్దక్క చెప్పబోయి, నేలవైపు చూసింది. "లేదమ్మా."

నిదానమ్మ రెట్టించలేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. బల్ల మీద రికార్డు, పక్కనే చిరిగిన కవరు. ముందు కవరును ముక్కు దగ్గర పెట్టుకుంది. రెండు రోజులైనా అడుగున ఇంకా చిన్న వాసన. ఇంజెక్షన్ చేసే ముందు చేతికి రాసే దూదిది. ఆ తర్వాత రికార్డును కాగితంతో పట్టుకుని వెలుగులో తిప్పింది. అలుకుడు అడ్డదిడ్డంగా లేదు. గీతల వెంబడే గుండ్రంగా తిరిగింది. మధ్యలో తెల్ల లేబులుకు చిన్న మరక కూడా అంటలేదు. అవతలి వైపు పాట లేదు, నున్నగా ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

లేబులుకూ గీతలకూ మధ్య సన్నటి ఖాళీ ఉంటుంది. ఫ్యాక్టరీలో అక్కడ సూదితో నంబరు గీకుతారు. నిదానమ్మ సంచీలోంచి భూతద్దం తీసి ఆ నంబరు చదివింది. బీరువా పక్కనున్న కార్డుల సొరుగు లాగి ఒక కార్డు చూసింది. ఆపైన బీరువాలో పక్క కవరులోకి చెయ్యి పోనిచ్చి, వట్టి చెయ్యి బయటికి తీసి, సొరుగు మూసి, కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. పెద్దక్క కుర్చీలోంచి ఆ సొరుగునే చూస్తోంది.

"ఏం దొరికింది?" అన్నాడు మరిది.

"కిందికి పద. చెబుతాను."

మెట్ల మలుపులో ఆగారు. ఇక్కడే వాళ్ళిద్దరికీ మాటామాటా వచ్చింది.

"నీ కేసు నిలబడదు," అంది నిదానమ్మ.

"ఎందుకు నిలబడదు? ఆవిడకు కారణం ఉంది. అవకాశం ఉంది."

"బుద్ధి కూడా ఉంది. పాత రికార్డులు లక్కవి. చేతిలోంచి జారితే గాజులా పగులుతాయి. ఆ పాటను చంపాలనుకుంటే ఆవిడ మెట్ల మీద ఒక్కసారి చెయ్యి వదిలితే చాలు. అయ్యో జారిందండీ అంటే నువ్వే నీళ్ళిచ్చి ఓదార్చేవాడివి. ఇక్కడ ఎవరో కూర్చుని, లేబులు తడవకుండా, గీతల వెంబడే మెత్తగా తుడిచారు. చంపేవాడు స్నానం చేయించడు మరిదీ."

"స్నానమా?"

"స్పిరిట్‌తో. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. వడ్రంగి పాలిష్ కలిపేది అలాగే. మీ అన్నయ్య మన మంచానికి పాలిష్ పెట్టిన రోజు నువ్వు ఆ గిన్నెలో చెయ్యి పెట్టి మూడు రోజులు జిగురు వేళ్ళతో తిరగలేదూ?"

ఇన్‌స్పెక్టరు మొహం ఎర్రబడింది. "నా చిన్నప్పటి సంగతులు కోర్టులో చెల్లవు. నీకు మనుషులందరూ మంచివాళ్ళే. ఆ గాజుల దుకాణం కేసులో కూడా ఇలాగే అన్నావు."

"అందులో దొంగ దొరికాడుగా."

"నువ్వు చెప్పినవాడు కాదు."

"నువ్వు లోపలేసినవాడూ కాదు."

అతను టోపీ తీసి చేత్తో దులిపాడు, అక్కడ దుమ్మేమీ లేకపోయినా. "ఐదింటి దాకా చూస్తా వదినా. ఆ తర్వాత నా దారి నాది."

కింద హాల్లో అప్పటికే జనం చేరారు. తేనెతుట్టె కదిలినట్టుంది. టైలరమ్మ మెడలో కొలతల టేపు కూడా తీయకుండా వచ్చి, మందుల షాపాయన మీద విరుచుకుపడుతోంది.

"మీ మొదటి టేకు ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంటుందండీ. మడత నలగదు. మనిషి తొడుక్కున్నట్టే ఉండదు."

"మీ రెండోది బొత్తాలు ఊడిన చొక్కా. పాటంటే మొదలూ చివరా ఉండాలి. పాడిందే పాడితే దాన్ని సాధన అంటారు, పాట అనరు."

"ఆ లైను రెండోసారి ఎత్తుకున్నప్పుడు ఆ జీర విన్నారా అసలు?"

"విన్నాను. ఆ వెనక వయొలిన్ ఆయన గురక కూడా విన్నాను."

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. టైలరమ్మ కూడా నవ్వింది. మాస్టారు ఒక్కరే నవ్వలేదు. మూల కుర్చీలో, ఒళ్ళో గుడ్డసంచీ పెట్టుకుని, గోడ గడియారం వైపు చూస్తున్నారు. డెబ్భై దాటిన మనిషి. ముప్పై బ్యాచీల పిల్లలకు లెక్కలు చెప్పిన గొంతు రెండు రోజులుగా పెగల్లేదట.

నిదానమ్మ ఆయన పక్కన కూర్చుంది. శనివారం గురించి ఒక్క ముక్క అడగలేదు.

"మాస్టారూ, మా ఇంట్లో ఓ పదిహేను ఎల్పీలు ఉన్నాయండీ. మా ఆయనవి. ఈమధ్య ఒకటే గరగర. తడిగుడ్డతో తుడుస్తున్నా, తగ్గడం లేదు."

మాస్టారి కనుబొమ్మలు ముడిపడ్డాయి. "తడిగుడ్డా? కొళాయి నీళ్ళా?"

"అవునండీ. కాస్త సబ్బు కూడా."

"ఎవరు చెప్పారమ్మా మీకు. నీళ్ళలోని సున్నం గీతల్లో పేరుకుపోతుంది. సబ్బు ఇంకా ఘోరం. మెత్తటి గుడ్డ తీసుకోవాలి, లేబులు తడవకుండా, గీతల వెంబడే గుండ్రంగా, స్పిరిట్..."

అక్కడ ఆగిపోయారు. ఒళ్ళో సంచీని రెండు చేతులా పట్టుకున్నారు.

నిదానమ్మ ఆ సంచీ వైపు చూడలేదు. "మీ ఇంట్లో లక్క రికార్డులు ఎన్ని మాస్టారూ?"

"ఒక్కటీ లేదు," అన్నారాయన. "అన్నీ ఎల్పీలే, ప్లాస్టిక్‌వి. ముప్పై ఏళ్ళుగా అన్నిటినీ అలాగే తుడుస్తాను. ఒక్కదానికీ ఏమీ కాలేదు."

"శనివారం ఎన్నింటికి?"

"నాలుగూ యాభై. ఆదివారం అందరూ వింటారు కదా, దుమ్ము మోగకూడదనుకున్నాను. పోయిన నెల వినిపించినప్పుడు ఆ లైను మీద చిటపటలు పడ్డాయి. కొందరు సరిగా వినలేకపోయారు. శుభ్రంగా వింటే వాళ్ళు కూడా చెయ్యెత్తుతారని ఆశ." మాస్టారు తన అరచేతులు చూసుకున్నారు. "రెండు చుట్లు తిప్పేసరికి గుడ్డ నల్లబడింది. మురికి పోతోందనుకున్నానమ్మా. ఇంకా గట్టిగా తుడిచాను."

ఇన్‌స్పెక్టరు ఎప్పుడు వచ్చాడో వాళ్ళ వెనకే నిలబడి ఉన్నాడు. నోటుబుక్కు తెరిచాడు గానీ ఏమీ రాయలేదు.

"నిన్న పెద్దక్కను అందరూ నిలదీస్తుంటే ఎందుకు మాట్లాడలేదు?" అని అడిగాడు, గొంతు తగ్గించి.

"నోరు రాలేదు బాబూ. ఇరవై ఏళ్ళప్పుడు ఆవిడ పాట మొదటిసారి విన్నాను. అప్పట్నుంచీ ఆ గొంతే నాకు తోడు. అలాంటిది నా చేత్తోనే నేను... అది పైకి అంటే నిజమైపోతుందని భయం. ఐదింటికి చెబుతాను. మీరెవరూ చెప్పకండి. నేనే చెబుతాను."

చెప్పారు కూడా. సరిగ్గా ఐదింటికి కార్యదర్శి కళ్ళద్దాలు పెట్టుకుని తీర్మానం విప్పగానే మాస్టారు లేచి నిలబడి, బోర్డు దగ్గర లెక్క వివరించినట్టు, ఏ నిమిషానికి ఏం చేశారో వరసగా చెప్పారు. ఎక్కడా తనను వెనకేసుకు రాలేదు. చివర్లో "పెద్దక్కయ్యగారు నన్ను క్షమించాలి. క్షమించకపోయినా సరే," అని కూర్చుని, మొహం సంచీలో దాచుకున్నారు.

కార్యదర్శి తీర్మానం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "పెద్దక్కా, మీ మీద ఏ ఆరోపణా లేదు. గది మీదే. పొరపాటు మాది," అన్నాడు. మొదటి టేకు పక్షం వాళ్ళు ఒకళ్ళిద్దరు చప్పట్లు కొట్టబోయి, మాస్టారి భుజాలు కదలడం చూసి మానేశారు. మందుల షాపాయనే వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాడు.

"పోయింది," అంటున్నారు మాస్టారు, ఎవరితోనో కాదు. "లోకంలో ఒక్కటే ఉంది. నా వల్ల పోయింది."

ఇన్‌స్పెక్టరు వంగి, "కేసు అయిపోయిందిగా వదినా, పద. నువ్వే గెలిచావులే," అన్నాడు.

"ఇంకో రెండు నిమిషాలు కూర్చో."

"ఎందుకు?"

నిదానమ్మ పెద్దక్క వైపు చూడలేదు. చూస్తే ఆవిడ మీద బరువు పెట్టినట్టవుతుంది. పైన గదిలో చదివిన నంబరు ఏ టేకుదో ఆమెకు రెండున్నరకే తెలుసు. దాన్ని తాను చెబితే ఒకలా ఉంటుంది, ఆ మనిషే చెబితే ఇంకొకలా ఉంటుంది. పెద్దక్కకు ఇప్పుడు ఏదీ పోగొట్టుకోవాల్సిన పని లేదు. గది నిలిచింది, పేరు నిలిచింది. నోరు మూసుకుని ఇంటికి వెళ్ళిపోవచ్చు.

ఒక నిమిషం గడిచింది. మాస్టారు ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

పెద్దక్క లేచింది.

"మాస్టారూ, ఇలా చూడండి. మీరు తుడిచింది ఆ పాటను కాదు."

ఆయన తలెత్తారు.

"బీరువాలో నమూనా రికార్డులు రెండున్నాయి. రెండింటికీ తెల్ల లేబులే. మీరు తీసిన కవరులో ఉన్నది మొదటి టేకు. అది ఊరంతా ఉంది, ఇంకోటి తెచ్చుకోవచ్చు. శుక్రవారం నేనే మార్చి పెట్టాను. రెండోది మా ఇంట్లో, బట్టల పెట్టెలో, దుప్పటి మడతల మధ్య ఉంది. దానికి ఒక్క గీత పడలేదు."

"బతికే ఉందా అక్కయ్యా?" అన్నారు మాస్టారు, ఆస్పత్రి వరండాలో అడిగినట్టు.

"ఉంది."

కార్యదర్శి కళ్ళద్దాలు తీసేశాడు. "అంటే సంఘం వస్తువును మీరు దొంగతనంగా..."

"అవునండీ. దొంగతనమే."

"ఎందుకక్కా?" అంది టైలరమ్మ. "చేతులెత్తితే ఓడిపోతావనా?"

"ఓడిపోతే ఏముందే. పదిహేడింటిలో తొమ్మిది పాటలు నీ మీదే ఓడిపోయాను. కవర్లు తారుమారయ్యాయని చెప్పి ఆదివారం ఒక్కపూట తప్పిస్తే చాలనుకున్నాను. ఆ తర్వాత ఏం చెయ్యాలో నేనూ ఆలోచించలేదు." పెద్దక్క ముందున్న కుర్చీ వెన్ను పట్టుకుంది. "పోయిన నెల మాస్టారు తన పుస్తకంలోది చదివి వినిపించారు కదా. రెండో టేకులో వయొలిన్ ఆయన తప్పిపోయాడు, ఆవిడ ఆ లైను మళ్ళీ ఎత్తుకుని పాటను నిలబెట్టింది అని. నిజమే రాశారు. అప్పుడు హాలంతా నవ్వారు. ఇక అచ్చయితే, కొన్న ప్రతివాళ్ళూ చదివి నవ్వుతారు. ఆ వయొలిన్ మా నాన్నది."

మందుల షాపాయన తల దించుకున్నాడు.

"ఆ రికార్డులు ఈ బీరువాలోకి తెచ్చింది నేనే. ఎవరివని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ రోజు పొద్దున మా తమ్ముణ్ణి ఆస్పత్రిలో వదిలి వచ్చాడు నాన్న. రాకపోతే ఆవిడ పాట ఆగిపోతుందని. వాడికి మూడేళ్ళు. మొదటి టేకు బాగానే వాయించాడు. రెండోది చివరికొస్తుండగా తలుపు అద్దంలోంచి మా చిన్నాన్న కనిపించాడట. లోపలికి రాలేదు, ఏమీ అనలేదు. అద్దానికి నుదురు ఆనించి నిలబడ్డాడట. నాన్నకు అర్థమైంది. విల్లు ఆగిపోయింది. ఆవిడ ఇటు నాన్ననూ చూసింది, అటు తలుపునూ చూసింది. పాట ఆపమని ఎవరూ అనకముందే అదే లైను మళ్ళీ మెల్లగా ఎత్తుకుంది. నాన్న మొహం తుడుచుకుని విల్లు తీసుకునేదాకా పాడుతూనే ఉంది."

మాస్టారు సంచీలోంచి పుస్తకం రాతప్రతి తీశారు. జేబులోంచి కలం తీసి ఆ పేజీ మీద అడ్డంగా ఒక గీత గీశారు. ఆ గీత కింద ఏం రాయాలో తెలియక కలం అలాగే పట్టుకుని ఉండిపోయారు.

ఇన్‌స్పెక్టరు నోటుబుక్కు మళ్ళీ తెరిచాడు. "ఇప్పుడు దీన్ని ఏ కేసు కింద రాయను వదినా?"

"నన్నడగకు," అంది నిదానమ్మ. కొంగుతో భూతద్దం తుడుచుకుంటోంది, అది మసకబారకపోయినా.

కార్యదర్శి లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు, చివరికి అడిగాడు. "అది... తెస్తారా పెద్దక్కా?"

"ఇప్పుడే తెస్తాను. అందరూ వినండి, విని మీకు ఇష్టమైనదానికి చెయ్యెత్తండి. తర్వాత నన్ను ఉంచుతారో పంపేస్తారో మీ ఇష్టం." పెద్దక్క తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "ఆ లైను దగ్గర మాత్రం ఎవరూ నవ్వకండి."